అక్క చేతి ముద్ద

పాలకొల్లు,
6 మార్చి 1999

చి.ల.సౌ. వాసంతికి,

మీ వదిన పుణ్యవతి ఆశీస్సులు. లోహిత్ పంపిన ఫోటో అందింది. వాడు ఉద్యోగం చేసే గుండ్రటి మేడ ముందు తల్లీ తండ్రీ కొడుకూ నిలబడ్డారు. మేడ బాగుంది. నువ్వు బాగున్నావు, నీ చీర ఇంకా బాగుంది. నా తమ్ముడే బాగాలేడు. మీ అన్నయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని చూసి, "మధ్యలో ఈ దోటికర్ర ఎందుకు పాతారే" అన్నారు. అది దోటికర్ర కాదండీ, మీ బావమరిది శ్రీనివాసరావు అని చెప్పాల్సి వచ్చింది.

నిన్ననడం లేదు. అన్నా నువ్వు ఊరుకోవు. కానీ అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు. నా చేతి ముద్దలతో పెరిగినవాడు. వాడి దవడ ఎముకలు కనపడితే నాకు అన్నం సహించదు.

మా వీధి మాస్టారి అబ్బాయి నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నాడు. సున్నుండలు ఒక డబ్బా, నెయ్యి ఒక డబ్బా ఇచ్చి పంపుతున్నాను. పొట్టుమినపప్పు నేనే వేయించాను. విసరడం పక్కింటి సూరమ్మ విసిరింది, తిరగలి ముందు కూర్చుంటే లేవలేకపోతున్నాను. వడియాలు కూడా ఈ ఏడు మేడమీద పెట్టలేదు, వాకిట్లోనే మంచమేసి కానిచ్చాను. మెట్లంటే విసుగ్గా ఉంటోంది.

ఫోను చెయ్యరేమని మళ్ళీ అడక్కు. టెలిఫోన్స్ వాడి అక్కనని తమ్ముడు పెట్టించాడు కనక దానికి కుట్టుగుడ్డ కప్పి, ఆదివారం దులుపుతున్నాను. మీ అన్నయ్యగారికి చెవులు వినపడవు, నాకు అరవడం రాదు. ఉత్తరమైతే రెండోసారి చదువుకోవచ్చు.

వాడి చేత రోజూ తినిపించు.

నీ వదిన,
పుణ్యవతి


మాదాపూర్,
24 మార్చి 1999

పూజ్యులైన వదినగారికి,

నమస్కారాలు. డబ్బాలు చేరాయి. నా పుట్టింటివాళ్ళు నాకెప్పుడూ ఇంత పెద్ద డబ్బా పంపలేదు, కుళ్ళుగా ఉంది.

మీ తమ్ముడు వాటిని వంటింట్లోకి రానిస్తేగా? బీరువాలో తన పంచెల కింద దాచుకున్నారు. పొద్దున్నే స్కూటరు తుడిచి ఒకటి, సాయంత్రం స్కూటరు ఆపి ఒకటి. చాలండీ అంటే, "అక్క అంత దూరం నుంచి పంపితే బూజు పట్టిస్తామా, పాపం" అంటారు. ఆ పాపం మిగతావాళ్ళకి అంటదు కాబోలు, నాకు ఒక్కటే దక్కింది.

ఆయన సన్నమే, ఒప్పుకున్నాను. కానీ వదినా, పంచె ముడి దగ్గర పొట్ట చిన్న ముంతలా ముందుకొచ్చింది. చొక్కా పైకి వదిలేస్తారు గనక ఫోటోలో పడలేదు. పెళ్ళాం కళ్ళకి పడింది.

ఇక్కడ పొద్దస్తమానం బండలు పేలుస్తూనే ఉన్నారు. పేల్చేముందు ఎర్రజెండా ఊపుతారు, మేం కిటికీలు మూసుకుంటాం. తెరిచేసరికి నిన్నటిదాకా ఉన్న గుట్ట ఉండదు. దాని చోట ఏ ఆఫీసు వస్తుందో, దానికి ఫోను తీగలు ఎక్కణ్ణించి లాగాలో అని మీ తమ్ముడు కాగితాలు ముందేసుకుని కూర్చుంటారు. మెడలో బిళ్ళలు తగిలించుకున్న పిల్లలు గుంపులుగా అద్దె గదుల కోసం తిరుగుతున్నారు. మా ఇల్లుగలాయన సాయిలుగారైతే గొడ్ల కొట్టం తీసేసి నాలుగు గదులు కట్టించాడు.

మొన్న ఆయన స్కూటరు దారిలో ఆగిపోతే చెరువువైపు నుంచి ఎత్తెక్కుతూ నెట్టుకొచ్చారు. సాయిలుగారి భార్య లచ్చమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. "ఏంది వాసంతమ్మా, సారు గిట్ల ఎగపోస్తుండు? జర దవాఖానల సూపియ్యరాదు" అంది. ఆయన నవ్వి, బండి బరువమ్మా అన్నారు. నాకు నవ్వు రాలేదు.

లోహిత్ ఆఫీసులో వచ్చే నెల ఉద్యోగుల తల్లిదండ్రులకి ఉచితంగా పరీక్షలు చేయిస్తారట. రానంటున్నారు. లాక్కెళతాను.

అన్నయ్యగారికి నా నమస్కారాలు గట్టిగా చెప్పండి.

మీ మరదలు,
వాసంతి


మాదాపూర్,
19 ఏప్రిల్ 1999

వదినగారికి,

ఈ సంగతి మీకు రాయొద్దని ఆయన ఒట్టు వేయించుకోబోయారు. పొయ్యి మీద పాలున్నాయని తప్పించుకున్నాను. అందుకని రాస్తున్నాను.

నిన్న ఆ పరీక్షలు జరిగాయి. ఒక హాల్లో తెరలు కట్టి వరసగా మంచాలు వేశారు. రక్తం తీశారు, గుండెకి తీగలు పెట్టి చూశారు. చివరి మంచం దగ్గర ఛాతీకి జిగురు రాసి టీవీలాంటి దాంట్లో గుండెని చూపించే స్కాను. బయట జనం తోసుకుంటున్నారు. ఆ అబ్బాయి చూశాడు, మళ్ళీ చూశాడు, ఇంకొకాయన్ని పిలిచి గుసగుసలాడాడు. "గుండె చుట్టూ నీరున్నట్టుంది, వెంటనే పెద్దాసుపత్రిలో చూపించండి" అని చీటీ ఇచ్చారు.

ఆయన చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంటికొచ్చి స్కూటరు స్టాండు వేసి, "నాన్నకీ ఇదే కదూ" అన్నారు. అంతే. అప్పటికి ఆయన తొమ్మిదేళ్ళవాడట, మంచం దగ్గరికి రానివ్వలేదట. వదినా, మామయ్యగారికి ఏం జరిగింది? నాకు దాచకుండా రాయండి. డాక్టరు అడిగితే చెప్పాలి. పెద్దాసుపత్రికి ఫోను చేస్తే పదిహేను రోజుల తర్వాత చూస్తామన్నారు.

ఉభయకుశలోపరి అని రాయడానికి చెయ్యి రాలేదు.

వాసంతి


పాలకొల్లు,
25 ఏప్రిల్ 1999

వాసంతీ,

నీ ఉత్తరం చదివి దేవుడి గదిలో కూర్చున్నాను. మీ అన్నయ్యగారు వచ్చి భోజనం మాటెత్తితే ఆకలి లేదన్నాను. అది విని ఆయన భయపడ్డారు, నా నోట ఆ మాట విని ఎరగరు.

నాన్నగారి సంగతి. మొదట పొలం గట్టు మీద నడవలేకపోయారు. తర్వాత పడుకుంటే ఊపిరాడేది కాదు. గోడకి దిండ్లు చేర్చి, వాటికి ఒరిగి కూర్చునే నిద్రపోయేవారు. పాదాలు రొట్టెల్లా పొంగేవి. వేలు పెట్టి నొక్కితే గుంట పడి, ఆ గుంట అలాగే ఉండేది. ఆసుపత్రిలో గుండె చుట్టూ నీరన్నారు. రొమ్ములోకి సూది పెట్టి తీశారు. నాలుగు రోజులు తేలిగ్గా ఉన్నారు. మళ్ళీ పట్టింది. రెండోసారి తీసేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాత ఆ వేళ్ళు నేనే విడదీసుకోవాల్సి వచ్చింది. నాకప్పుడు పంతొమ్మిది. శీనుని పక్కింట్లో కూర్చోబెట్టాను, వాడికి ఏమీ తెలియనివ్వలేదు.

ఇంతకన్నా రాయలేను.

ఒక్క మాట వినిపించుకో. పోయినేడు కార్తీకంలో శీను రాలేదు, పని అన్నాడు. భగినీ హస్త భోజనం మానకూడదు. దీపావళి వెళ్ళిన విదియనాడు అక్క చేత్తో పెట్టిన అన్నం తిన్నవాడి జోలికి యముడు రాడని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. వాడు మానాడు, చూడు ఏమైందో. ఈసారి ఏమొచ్చినా వాణ్ణి పంపు. నా చేత్తో పెట్టాలి.

నిద్ర పట్టడం లేదు. పడక్కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. మంచం కన్నా ఈ మధ్య అదే నయంగా ఉంది, ఎండలు కదా.

డాక్టరు ఏమన్నదీ ఆ రోజే రాయి.

పుణ్యవతి


మాదాపూర్,
5 మే 1999

పూజ్యులైన వదినగారికి,

ముందు అసలు మాట. నీరు కాదు. నీరు కానే కాదు. ఇప్పుడు మంచినీళ్ళు తాగి తక్కినది చదవండి.

డాక్టరమ్మ చిన్నావిడే కానీ నిదానం. ఆయన్ని ఎడమపక్కకి తిప్పి, కూర్చోబెట్టి, ఊపిరి బిగబట్టించి చాలాసేపు చూసింది. తెర నావైపు తిప్పి చూపించింది కూడా. నీరైతే నల్లగా ఉంటుందట, ఎక్కువగా గుండె వెనకవైపు చేరుతుందట. మీ తమ్ముడికున్నది ముందువైపు. బూడిదరంగు, మధ్యలో నలకలు, గుండెతోపాటే కదులుతోంది. "ఇది కొవ్వు. తొందరలో చూస్తే నీరని పొరబడతారు" అంది.

నేను నమ్మలేదు. ఈ మనిషికి కొవ్వేమిటండీ, బుగ్గ గిల్లుదామంటే దొరకదు అన్నాను. ఆవిడ నవ్వింది. అందరి గుండె మీదా కాస్త ఉంటుందట, గుండెకి అదొక మెత్త. ఇంటికొచ్చి చెబితే లచ్చమ్మ, "మేక గుండెకాయకు గూడ ఉంటది గద, పచ్చగ. నేను తీసి పడేస్త" అంది. కొందరికి ఒంటి మీద కనపడదట, పొట్ట లోపలా గుండె చుట్టూ పేరుకుంటుందట. సన్నటివాళ్ళ విషయంలో అందుకే మోసపోతాం అంది డాక్టరమ్మ. ఎక్కువైతే అది ఊరికే కూర్చోదు. గుండె పిండుకుని మళ్ళీ వదులై నిండాలి కదా, ఆ వదులవడం బరువెక్కుతుంది. దీని గురించి మాకూ ఇంకా తెలియాల్సింది చాలా ఉంది అని కూడా చెప్పింది. ఆ మాట చెప్పినందుకే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

బోలెడు ప్రశ్నలు వేసింది. దిండ్లు ఎత్తు పెట్టుకుంటారా, పడుకుంటే ఆయాసమా, మెట్ల మధ్యలో ఆగుతారా, కాళ్ళు వాస్తాయా, మాట్లాడుతుంటే మధ్యలో ఊపిరి అందదా అని. మీ తమ్ముడు అన్నిటికీ లేదు, లేదు అని తల ఊపారు. గుండె బలంగానే కొడుతోందట. వదులవడమే కాస్త మందం. చక్కెర గీత దాకా వచ్చింది. రోజూ నడవాలి, పొట్ట తగ్గాలి అంది. ఏమేం తింటారని అడిగింది.

వదినా, చెప్పక తప్పలేదు. నెయ్యి ఎంత అంటే గరిటెతో చూపించాను. సున్నుండలు ఎన్ని అంటే ఆయన నా వైపు చూశారు. ఇక ఆపాలి అంది. మీరు పంపకండి. డబ్బాలో మిగిలినవి లోహిత్ హాస్టలు స్నేహితులకి ఇచ్చేశాను. అరపూటలో ఖాళీ చేసి మీకు దీర్ఘాయువు కోరారు.

ఆయన ఇప్పుడు రోజూ పొద్దున్నే నడుస్తున్నారు, పాత బూట్లు వేసుకుని. లచ్చమ్మ కోళ్ళు బెదిరిపోతున్నాయి.

మీ మరదలు,
వాసంతి


మాదాపూర్,
14 జులై 1999

వదినగారికి,

రెండు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. కోపమా? కోపమైతే నాలుగు తిట్లు తిట్టి పోస్టులో వెయ్యండి, తీరిగ్గా చదువుకుంటాను. ఈ మౌనం మాత్రం మీకు నప్పలేదు. ఆయన పొట్ట ఒక బొత్తాం మేర తగ్గింది.

వాసంతి


పాలకొల్లు,
10 సెప్టెంబరు 1999

చి.ల.సౌ. వాసంతికి,

కోపం కాదు. కష్టం కలిగింది. నువ్వు కలిగించావని కాదు.

అమ్మ లేని పిల్లాడు ఏడిస్తే నాకు తెలిసిన మందు ఒకటే, నెయ్యేసి కలిపిన ముద్ద. జ్వరం వచ్చి తగ్గితే అదే. పరీక్ష పోతే అదే. ఉద్యోగం వచ్చి ఊరు దాటితే డబ్బాకెత్తి పంపాను. వాడు అడగలేదు, నేను మానలేదు. ఇన్నేళ్ళూ నా తమ్ముడి గుండె చుట్టూ నా చేతి వంటే పేరుకుందంటే, ఆ చేతిని ఏం చేసుకోను? నీ ఉత్తరం వచ్చిననాడు ఈ మాటే మీ అన్నయ్యగారితో అంటే ఆయనకి వినపడలేదు. మళ్ళీ అనలేకపోయాను.

ఇక పంపను. కార్తీకంలో వాణ్ణి రమ్మనీ అనను. నెయ్యి లేకుండా పెట్టడం నాకు తెలీదు, పెడితే వాడికి చేటు. ఏ చెయ్యి ఆయుష్షు ఇస్తుందో ఆ చెయ్యే అడ్డమైంది. పోనీలే.

ఇక్కడ విశేషాలేమీ లేవు. సూరమ్మ మనవరాలి పెళ్ళి అయింది. పందిరి వీధి చివరే కానీ వెళ్ళలేదు, అక్షింతలు పంపాను. మెట్టెలు బిగుసుకుపోయి వేళ్ళు కోసుకుంటుంటే కంసాలిని పిలిపించి కత్తిరించి తీయించాను. కాళ్ళకి మెట్టెలు లేకపోతే మీ అన్నయ్యగారు చిన్నబుచ్చుకున్నారు. పెద్దవి చేయిస్తానన్నారు. ఇంకెంత పెద్దవి చేయిస్తారు?

నువ్వు జాగ్రత్త. శీనుకి నా ఆశీస్సులు.

పుణ్యవతి


మాదాపూర్,
16 సెప్టెంబరు 1999

వదినగారికి,

మెట్టెల మాట చదివాక వంట చెయ్యలేకపోయాను. స్టవ్వు ఆపి, మీ ఉత్తరాలన్నీ దించి మొదటినుంచీ చదివాను.

డాక్టరమ్మ మీ తమ్ముణ్ణి అడిగిన ప్రశ్నలు మీకు రాశాను. ఆయన అన్నిటికీ లేదన్నారు. మీరు ఎవరూ అడక్కుండానే అన్నిటికీ ఔనని రాశారు. వడియాలకి మేడెక్కలేదు. తిరగలి ముందు నుంచి లేవలేకపోయారు. మంచం మానేసి పడక్కుర్చీలో పడుకుంటున్నారు, ఎండలన్నారు. ఎండలు పోయి వానలొచ్చాయి వదినా, ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నారా? పక్కింటి పెళ్ళికి వీధి చివరిదాకా నడవలేదు. పాదాలు పొంగి మెట్టెలు కత్తిరించాల్సి వచ్చింది. మామయ్యగారి పాదాల గురించి రాసింది మీరే. రాస్తున్నప్పుడు మీ పాదాలు చూసుకోలేదా?

ఆ ఫోను సంగతి కూడా ఇప్పుడు అర్థమైంది. మాట్లాడితే మీ ఆయాసం నాకు వినపడుతుంది. అన్నయ్యగారికి చెవులు లేవు, ఉత్తరానికి ఊపిరి లేదు. అందుకే దానికి కుట్టుగుడ్డ కప్పారు. ఎంత తెలివండీ మీది.

నాకు ఒళ్ళు మండిపోతోంది. ఆయన సన్నంగా ఉన్నారని మీరు ఏడ్చారు, మీరు నిండుగా ఉన్నారని మేము నిశ్చింతగా ఉన్నాము. ఇద్దరిలో ఒకరినే డాక్టరుకి చూపించాము. అదీ చూపించాల్సినవారిని కాదు.

రైలెక్కండి. ఆయనకి ఇంకా చెప్పలేదు. మీ జవాబు కోసం వారం ఆగుతాను. తర్వాత ఆగను.

వాసంతి


పాలకొల్లు,
23 సెప్టెంబరు 1999

వాసంతీ,

ఒళ్ళున్న మనిషి ఆయాసపడితే ఎవరూ ఆసుపత్రికి పంపరు. తిండి తగ్గించమంటారు. నేనూ నాకు అదే చెప్పుకున్నాను. లావుదానివి, యాభై ఏడేళ్ళదానివి, ఆయాసం రాక ఏమొస్తుంది అని.

ఇదంతా నీకు రాద్దామనుకున్న జవాబు. అబద్ధం. నాన్నగారి కాళ్ళు తెల్లవార్లూ ఒళ్ళో పెట్టుకున్నదాన్ని, నా కాళ్ళు నేను గుర్తుపట్టలేనా? మొదటి రోజు నుంచీ నాకు తెలుసు. వేలుతో నొక్కి చూసుకున్నాను. గుంట పడింది. చీర కుచ్చెళ్ళు కిందికి దించి కట్టుకోవడం మొదలుపెట్టాను.

నాకు ఆ సూది వద్దు వాసంతీ. చావుకి భయపడటం లేదు, నిజం. ఆ సూదికి భయం. మంచం పక్కన నా చెయ్యి పట్టుకుని మీ అన్నయ్యగారో శీనో కూర్చోవడం, తర్వాత వాళ్ళు నా వేళ్ళు విడదీసుకోవడం, అది వద్దు. కార్తీకం దాకా ఉంటే తమ్ముడికి ఒక్కసారి చేత్తో పెట్టి పంపుదామనుకున్నాను. ఇప్పుడు అది కూడా లేదు కదా. కాబట్టి తొందరేమీ లేదు.

శీనుకి చెప్పకు. వాడి గుండె ఇప్పుడిప్పుడే కుదుటపడుతోంది.

పుణ్యవతి


మాదాపూర్,
29 సెప్టెంబరు 1999

వదినగారికి,

చెప్పేశాను. మీ మాట దాటడం ఇదే మొదటిసారి అనను, పదోసారో పదకొండోసారో.

ఆయన నడకనుంచి వచ్చి బూట్లు విప్పుతున్నారు. మీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి, ఒక బూటు కాలికి ఉండగానే అలా మెట్టు మీద కూర్చున్నారు. "అక్క లావుగా ఉంది కాబట్టి గట్టిగా ఉందనుకున్నాను" అన్నారు. తర్వాత, "నాన్న దగ్గర ఉండనీకుండా నన్ను పక్కింట్లో కూర్చోబెట్టింది. ఈసారి కూర్చోను" అన్నారు. పెళ్ళయి పాతికేళ్ళు, ఆయన కన్నీళ్ళు నేను చూడటం ఇదే. లచ్చమ్మ చూసి మజ్జిగ తెచ్చి పెట్టి, "అక్కను తోల్కరా సారూ, ఫికర్ జేస్తే ఏమైతది" అని వెళ్ళింది.

డాక్టరమ్మ దగ్గరికి మీ ఉత్తరాలు పట్టుకుని వెళ్ళాను. సిగ్గేమీ పడలేదు. చూడకుండా గట్టిగా చెప్పలేనంది. కానీ కాళ్ళ వాపు, దిండ్లు వింటే గుండె చుట్టూ నీరు కన్నా గుండె బిగుసుకుపోవడమే అయ్యుండొచ్చు, అలాగైతే సూదితో పని ఉండదు, మాత్రలతో లాగుతాం అంది. పండగ దాకా ఆగుతామంటే మాత్రం ఒప్పుకోనంది.

ఇక భగినీ హస్త భోజనం సంగతి. నెయ్యి లేని ముద్ద పెట్టడం తెలీదన్నారు. ఆయన చెప్పమన్న జవాబు ఇదీ: "విదియనాడు అక్క చేత్తో పచ్చి మంచినీళ్ళు పోసినా తాగుతాను. అక్క పెట్టకపోతే ఆ రోజు ముట్టను." పంతం ఎవరి దగ్గర నేర్చుకున్నారో నేను చెప్పక్కర్లేదు. తినేవాడి ఆయుష్షు తర్వాత వదినా, ముందు పెట్టే చెయ్యి ఉండాలి.

శుక్రవారం ఇద్దరం బయల్దేరుతున్నాం. మీరూ మీ తమ్ముడూ ఇక్కడికి వస్తారు. నేను పాలకొల్లులో ఉండి అన్నయ్యగారికి వండిపెడతాను. ఆయన కాఫీ కాచుకోలేరన్న సాకు ముందే తీసేస్తున్నాను. పెట్టె సర్దుకోండి. ఈ ఉత్తరం మాకన్నా ఒక రోజు ముందు రావాలి, రాకపోతే తమ్ముడి డిపార్టుమెంటే నయం.

మీ వాసంతి


మాదాపూర్,
విదియ మర్నాడు, నవంబరు 1999

చి.ల.సౌ. వాసంతికి,

నీ చిరునామాలో నేను, నా చిరునామాలో నువ్వు. పోస్టుమాను తికమకపడి ఉంటాడు. మీ అన్నయ్యగారు నీ చేతి కాఫీ నా కాఫీ కన్నా బాగుందని రాశారు. వచ్చాక ఆయన సంగతి చూస్తాను. ఫోనులో రోజూ మాట్లాడుతూనే ఉన్నా ఇది రాయాలనిపించింది. కొన్ని మాటలు ఫోనులో అరవలేం.

మొదటిరోజు స్కాను గదిలో నేను శీను చెయ్యి పట్టుకున్నాను. పట్టుకోకూడదనుకుంటూనే పట్టుకున్నాను. డాక్టరమ్మ జిగురు రాసి చూస్తోంది, నేను కళ్ళు మూసుకున్నాను. "గుండె చుట్టూ నీరు చుక్క లేదమ్మా" అంది. శీను వేళ్ళు నొప్పెట్టి ఉంటాయి, వాడు వదిలించుకోలేదు. కళ్ళు తెరిస్తే తెర మీద బూడిదరంగు పొర. వాడికున్నట్టే, నాది ఇంకా మందం. "స్కాన్లు పక్కపక్కన పెడితే అక్కాతమ్ముళ్ళని చెప్పేయొచ్చు" అంది ఆవిడ. పైకి నన్నూ వాణ్ణీ చూస్తే ఎవరూ అలా అనరు.

నా గుండె పిండుతుందట, సాగదట. వచ్చిన రక్తానికి చోటివ్వక వెనక్కి నిలిపేస్తే అందులోని నీరు ఊపిరితిత్తుల్లోకీ కాళ్ళలోకీ దిగిందట. కొవ్వు ఒక్కదాని తప్పే కాదంది. బీపీ ఎన్నాళ్ళనుంచో ఉండి ఉంటుంది, ఎవరు చూశారు? ఒళ్ళూ ఉంది. పూర్తిగా పోదు, కానీ మాత్రలు, ఉప్పు మానడం, నడక, వీటితో చాలాకాలం లాక్కురావచ్చంది. నాన్నగారిదీ ఇదేనా అని అడిగాను. అప్పట్లో ఈ స్కాన్లు లేవు కదమ్మా, చెప్పలేను అంది. చెప్పలేననడమే మంచిదైంది. ఇన్నేళ్ళూ నాకు రాసిపెట్టి ఉందనుకున్నది నాకు లేదు. బయటికొచ్చి వరండాలో ఏడ్చాను. శీను నన్ను ఏడవనిచ్చాడు.

నిన్న విదియ. పొద్దున్నే లేచి వంటింట్లోకి వెళితే శీను గరిటె పట్టుకుని నిలబడ్డాడు. ఇవాళ వంట నాది, వడ్డన నీది అన్నాడు. లచ్చమ్మ గడపలో కూర్చుని, "సారూ, పప్పు మాడుతుంది, జర సూడు" అని చెబుతూనే ఉంది. పప్పు మాడింది. బీరకాయ ఉడకలేదు. దేన్లోనూ ఉప్పు లేదు. లోహిత్ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని ఆఫీసులో పని ఉందని వెళ్ళిపోయాడు, వాడి తెలివి నీదే.

శీనుని పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టాను. అన్నం కలిపాను. అలవాటున నా చెయ్యి నేతిగిన్నె కోసం పక్కకి వెళ్ళింది. గిన్నె లేదు, వాడు ముందే దాచేశాడు. ఆ చెయ్యి అలా గాల్లో ఉండిపోయింది వాసంతీ. వాడు నోరు తెరిచాడు, నాలుగేళ్ళప్పుడు తెరిచినట్టే. పెట్టాను. నెయ్యి లేకుండా కూడా మింగుడుపడింది వాడికి. ఇన్నాళ్ళూ నెయ్యి కోసం తిన్నాడనుకున్నాను.

తర్వాత కంచం తన వైపు లాక్కుని, తను కలిపి నాకు పెట్టాడు. లచ్చమ్మ చూస్తూ, "అక్క తినిపిస్తే తమ్మునికి ఆయుష్షు అంటిరి గద. తమ్ముడు తినిపిస్తే ఏమంటరు?" అంది. పంచాంగంలో రాయలేదమ్మా, మేం చూసి చెబుతాం అన్నాడు శీను. చప్పిడి పప్పు, మాడు వాసన. మొత్తం తిన్నాను.

కాళ్ళ వాపు దిగింది. మీ అన్నయ్యగారిని పాత మెట్టెలే అతికించమను, పెద్దవి అక్కర్లేదు. సున్నుండల డబ్బాలో మెంతులు పోసి పెట్టు, ఖాళీగా ఉంటే నా చెయ్యి ఊరుకోదు.

నేను వచ్చినప్పుడు శీను నా వెనక నాలుగు దిండ్లు పేర్చాడు. వారానికొకటి తీసేస్తూ వచ్చాం. నిన్న రాత్రి ఒక్క దిండు మీద పడుకున్నాను వాసంతీ. తెల్లవారేదాకా మెలకువ రాలేదు.

నీ వదిన,
పుణ్యవతి